చదరంగపు గడులలోని సంఖ్య

పూర్వము హిందూదేశమున శిర్హాముడను రాజొకడు ఉండెననియు, ఆతని కొలువున సిస్సా యను బుద్ధిమంతుడు చదరంగమను క్రీడను కల్పించి రాజునకు సమర్పించెననియు ఒక కథ కలదు. దీనిని వ్రాసి పెట్టినవారిలో 13వ శతాబ్దమునాటి అరబ్బీ భాషా చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ ఒకడు. ఇది చరిత్ర కాదు, కథయే. కాని కథలోని లెక్క మాత్రము కట్టుకథ కాదు.

రాజు ఆ క్రీడను చూచి మిక్కిలి సంతసించి, "ఓయీ! నీ నేర్పునకు మెచ్చితిని. ఏమి కావలయునో కోరుకొనుము" అనెను. సిస్సా చేతులు జోడించి, "మహాప్రభూ! ఈ పలకపై అరువది నాలుగు గడులు కలవు. మొదటి గడికి ఒక గోధుమగింజ, రెండవ గడికి రెండు, మూడవదానికి నాలుగు, నాలుగవదానికి ఎనిమిది, ఈ విధముగా ప్రతి గడికిని వెనుకటి గడికి రెట్టింపు చొప్పున గింజలు దయచేయింపుడు. అంతకు మించి నాకేమియు అక్కరలేదు" అని విన్నవించెను.

రాజునకు నవ్వు వచ్చెను. ఒకింత కినుకయు కలిగెను. తనవంటి ప్రభువును పట్టుకొని గోధుమగింజలు అడుగుటయా! ఒక సంచి గోధుమలతో తీరిపోవు కోరిక యని తలచి, గింజలు లెక్కించి ఇండని గాదెల అధికారి కానతిచ్చెను. గణకులు లెక్కకు కూర్చుండిరి. ప్రొద్దు గ్రుంకెను, లెక్క తెగలేదు. తెగిన పిమ్మట, రాజ్యములోని గాదెలన్నియు ఊడ్చినను ఈ ఋణము తీరదని వారు రాజునకు మనవి చేసిరి. అప్పుడు రాజు, ఆటను కల్పించిన తెలివికంటె ఈ కోరికను కోరిన తెలివియే గొప్పదని పలికెనని కథ ముగియును.

గణకులు తేల్చిన సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615. ఇందు ఇరువది అంకెలు కలవు. దీనిని నేటి వాడుకలో చదువవలెనన్న, ఒక లక్ష యెనుబది నాలుగువేల నాలుగువందల అరువది యేడు కోటికోట్లు, వానిపై నలుబది నాలుగు లక్షల యేడువేల మూడువందల డెబ్బది కోట్లు, ఆపై తొంబది యైదు లక్షల యేబది యొక్కవేయి ఆరువందల పదునైదు అని చదువవలెను. నోరు అలసిపోవును. మన పూర్వులు పెద్ద సంఖ్యలకు జంకినవారు కారు. 1150వ సంవత్సరమున భాస్కరాచార్యుడు లీలావతీ గణితమున ఏకము, దశము, శతము మొదలు పరార్ధమువరకు పదునెనిమిది స్థానములకు పేర్లు చెప్పెను. ఈ సంఖ్య ఆ పదునెనిమిదింటిని గూడ దాటి మరి రెండు స్థానములు ముందునకు సాగును. అంతకు మూడు శతాబ్దములకు పూర్వమే, రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమునందు ఇరువది నాలుగు స్థానములకు పేర్లిడెను. సిస్సా గింజలకు ఆ పట్టికలో చోటు చాలును.

రాజు పొరపడుటకు కారణము లేకపోలేదు. పదియవ గడిలో ఉంచవలసిన గింజలు 512 మాత్రమే. అవి పిడికిలి నిండవు. ఒక కిలోగ్రామునకు రమారమి 25,000 గోధుమగింజలు తూగునని పెట్టుకొన్నచో, ఇరువదియవ గడివరకు అన్ని గడులలోని గింజలను పోగుచేసినను నలుబది రెండు కిలోలకు మించదు. అది ఒక మనిషి మోయదగిన బరువే. పలకలో సగమువరకు, అనగా ముప్పది రెండు గడులవరకు, 172 టన్నులు అగును. ఇదియు రాజునకు కష్టము కాదు. కాని ముప్పది మూడవ గడి యొక్కటియే అంతకు ముందున్న ముప్పది రెండు గడులను కలిపిన మొత్తముకంటె ఒక గింజ అధికముగా కోరును. అచ్చటనుండి గాదెలు కదలసాగును. అరువది నాలుగవ గడి ముగియునప్పటికి మొత్తము రమారమి 73,800 కోట్ల టన్నులగును. నేడు ప్రపంచమంతటను ఏటేట పండు గోధుమలు సుమారు 80 కోట్ల టన్నులు. కావున ప్రపంచములోని రైతులందరును తొమ్మిదివందల యేండ్లకు పైగా పండించి, ఒక్క గింజయు తినక తెచ్చి పోసినగాని సిస్సాకు ఋణము తీరదు.

గణకులు ఈ లెక్కను ఎట్లు చేసియుందురు? అరువది నాలుగు గడులలోని గింజలను విడివిడిగా వ్రాసి కూడవచ్చును. దానికి కాగితములు చాలవలసివచ్చును; తప్పులును దొరలును. సుళువైన మార్గము వేరొకటి కలదు. ఎవరియొద్దనైనను ఒక గింజను అప్పు తెచ్చి మొదటి గడిలో అదనముగా ఉంచవలెను. అప్పుడు మొదటి గడిలో రెండు గింజలగును. రెండవ గడిలోనివి రెండు, కలిపిన నాలుగు. మూడవ గడిలోనివి నాలుగు, కలిపిన ఎనిమిది. నాలుగవ గడిలోనివి ఎనిమిది, కలిపిన పదునారు. ఇట్లు ప్రతి గడియొద్దను మొత్తము ఆ గడికి సరిగా రెట్టింపగుచు పోవును. అరువది నాలుగు గడులు దాటునప్పటికి చేతనుండునది 2 ను 64 మార్లు వేసి గుణించిన లబ్ధము, అనగా 2 యొక్క 64వ ఘాతము. తుదకు అప్పు తెచ్చిన గింజను తిరిగి ఇచ్చివేసిన మిగులునదే సిస్సా కోరిన మొత్తము. కావుననే ఆ సంఖ్య 2 యొక్క 64వ ఘాతముకంటె సరిగా ఒకటి తక్కువ.

ఆ ఘాతమును సాధించుటకు అరువది నాలుగు గుణకారములును అక్కరలేదు. 2 ను వర్గము చేసిన 4, దానిని వర్గము చేసిన 16, మరల 256, మరల 65,536, మరల 4,29,49,67,296. ఇది 32వ ఘాతము. దీనిని ఇంకొక మారు వర్గము చేసిన 64వ ఘాతము లభించును. మొత్తము ఆరు వర్గములు చాలును. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బెరూని యను మహాపండితుడు ఈ చదరంగపు లెక్కను వర్గముల మార్గముననే సాధించి చూపెను. చివరి వర్గమునకు భయపడనక్కరలేదు. 42,949 ని లక్షలుగను, 67,296 ను విడిగను ఉంచుకొని, (అ + ఆ) యొక్క వర్గమునకు ఎనిమిదవ తరగతిలో నేర్చిన సూత్రమును వేసిన, కాగితముపై పావుగంటలో తేలును.

ఈ ఉపాయమునకు మూలము గణితగ్రంథమున గాక ఛందోగ్రంథమున కనబడుట తెలుగు చదువువారికి సంతోషము కలిగింపదగిన విషయము. ఒక అక్షరము లఘువైన కావచ్చును, గురువైన కావచ్చును; రెండు విధములు. రెండక్షరములకు నాలుగు విధములు. మూడక్షరములకు ఎనిమిది, అవియే య, మ, త, ర, జ, భ, న, స యను ఎనిమిది గణములు. చదరంగపు నాలుగవ గడిలోని గింజలును ఎనిమిదే గదా! ఇరువది యక్షరముల పాదము గల వృత్తములు ఎన్ని విధములని యడిగిన, ఉత్పలమాల మొదలగు ప్రసిద్ధవృత్తములతోగూడ, 10,48,576 విధములు. ఇది ఇరువది యొకటవ గడిలోని గింజల సంఖ్య. ఇట్టి ప్రశ్నకే పింగళాచార్యుడు ఛందశ్శాస్త్రమున ఒక మార్గము చెప్పెను. అక్షరముల సంఖ్య సరియైన సగము చేయవలెను. బేసియైన ఒకటి తీసివేయవలెను. పిమ్మట వచ్చిన త్రోవనే వెనుకకు నడచుచు, సగము చేసినచోట వర్గమును, ఒకటి తీసినచోట రెట్టింపును చేయవలెను. 64 ను ఆరుమార్లు సగము చేసిన 1 వచ్చును. అందుండి ఒకటి తీసిన సున్న. వెనుకకు నడచినచో ఒక రెట్టింపు, ఆరు వర్గములు. పైన చేసిన లెక్కయే ఇది.

ఇక తెలుగునాట ఈ సంఖ్య నిలిచిన తీరు చెప్పవలసియున్నది. వేంగీ చాళుక్యుల కాలమున పావులూరి మల్లన యను కవి మహావీరాచార్యుని గణితమును తెనిగించెను. శాస్త్రగ్రంథమును తెలుగున పద్యములుగా చెప్పిన తొలివారిలో ఆయన ఒకడు. చదరంగపు గడుల మొత్తమును తెలుపు పద్యమొకటి మల్లన పేర ప్రసిద్ధికెక్కినది. ఒక్క వృత్తపద్యములో ఇరువది అంకెలును ఇమిడియున్నవి. అయితే ఆ పద్యమున ఒక్క అంకెయు అంకెగా కనబడదు.

అది భూతసంఖ్యల రహస్యము. లోకమున ఎన్నడును మారని లెక్క గల వస్తువుల పేర్లను అంకెలకు మారుగా వాడుట ఈ పద్ధతి. ఆకాశమన్న సున్న, చంద్రుడన్న ఒకటి, నేత్రములన్న రెండు, అగ్నులు మూడు, వేదములు నాలుగు, మన్మథుని బాణములు ఐదు, ఋతువులు ఆరు, పర్వతములు ఏడు, దిక్కులను మోయు ఏనుగులు ఎనిమిది, నిధులు తొమ్మిది. చదువునప్పుడు ఒకట్ల స్థానమునుండి ఎడమకు పోవలెను. "వేద ఋతు" అన్న 46 కాదు, 64. ఒక్కొక్క వస్తువునకు తెలుగు సంస్కృతములందు పదుల కొలది పేర్లుండుటచే, కవి తనకు కావలసిన గణమునకు సరిపడు పేరును ఎన్నుకొనును. చంద్రునకు శశియనిన ఒక కొలత, తుహినాంశువనిన మరియొక కొలత.

ఇదంతయు పండితుల విలాసమని కొందరు తలపవచ్చును. కాని ఇందు గొప్ప ప్రయోజనము కలదు. ముద్రణాలయములు లేని కాలమున గ్రంథములు తాటాకులపై వ్రాయబడి, చేతినుండి చేతికి ప్రతులుగా సాగెను. ఇరువది అంకెల సంఖ్యను అంకెలుగా వ్రాసినచో లేఖకుడు 7 ను 1 గా వ్రాసిన దిద్దువారెవరు? ఒక చుక్క పురుగు తిన్నచో సున్న పోయి సంఖ్య పదియవ వంతగును. మాటలో ఒక అక్షరము తప్పిన మాట అర్థము చెడును. మాట పోయిన గణము తప్పి పద్యము కుంటును. అక్షరము మారిన యతియో ప్రాసయో చెడి వినువాని చెవికి తగులును. ఛందస్సు ఆ సంఖ్యకు కావలి కాచెను. ఎన్నో ప్రతులు మారి మనవరకు వచ్చిన ఆ పద్యమును నేడు యంత్రముతో కట్టిన లెక్కతో పోల్చినను, ఇరువదింటిలో ఒక్క అంకెయైనను తేడా లేదు.

యంత్రము లేనివాడును సంఖ్యను కొంతవరకు పరీక్షింపగలడు. 2 యొక్క ఘాతముల ఒకట్ల స్థానములు 2, 4, 8, 6 అని నాలుగేసిగా తిరుగుచుండును. 64 నాలుగు చేత భాగింపబడును గావున 64వ ఘాతము 6 తో ముగియవలెను; ఒకటి తీసిన 5. మన సంఖ్య 5 తోనే ముగిసినది. తొమ్మిదుల పరీక్షయును కలదు. సంఖ్యలోని ఇరువది అంకెలను కూడిన 87. 8 ని 7 ను కూడిన 15. మరల కూడిన 6. మరియొక వైపునుండి, 2 యొక్క ఘాతములను 9 చేత భాగింపగా వచ్చు శేషములు 2, 4, 8, 7, 5, 1 అని ఆరేసిగా తిరుగును. 64 ను ఆరు చేత భాగింపగా 4 మిగులును. నాలుగవ శేషము 7. ఒకటి తీసిన 6. రెండును సరిపోయినవి. ఇట్టి పరీక్ష తప్పును పట్టగలదుగాని, ఒప్పును నిరూపింపజాలదని మరువరాదు. రెండంకెలు తమ చోట్లు మార్చుకొన్నచో తొమ్మిదుల పరీక్ష కనిపెట్టలేదు.

ఈ సంఖ్యకు కాశీతో ముడిపెట్టిన కథ మరియొకటి కలదు. మూడు కంబములు, ఒక కంబమునకు క్రిందినుండి పైకి పెద్దవి మొదలు చిన్నవి వరకు అరువది నాలుగు బంగారు బిళ్ళలు. మాటకొక బిళ్ళ చొప్పున, చిన్నదానిపై పెద్దది పెట్టక, అన్నింటిని వేరొక కంబమునకు మార్చునప్పటికి లోకము అంతరించునట. ఇది మన పురాణములలోనిది కాదు. 1883లో ఎడ్వార్డ్ లూకా యను ఫ్రెంచి గణితవేత్త ఈ ఆటబొమ్మను వెలువరించెను. కాశీ కథ దాని వెనుక ఫ్రాన్సులోనే పుట్టినది. కావలసిన కదలికలు మాత్రము సరిగా సిస్సా గింజలంతయే. క్షణమున కొక బిళ్ళ చొప్పున, క్షణమనగా సెకండు, మార్చుచు పోయిన 58,454 కోట్ల సంవత్సరములు పట్టును. విశ్వము పుట్టి నేటికి గడచినది రమారమి 1,380 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞుల లెక్క. కాశీకి పోయి చూడవలసిన తొందర లేదు.

ఇంతవరకు సంఖ్య పెద్దతనమును చూచితిమి. దాని లోపలి నిర్మాణము ఇంతకంటె రమ్యమైనది. ఒక సంఖ్య వర్గమునుండి ఒకటి తీసివేసిన, అది ఆ సంఖ్యకు ఒకటి తక్కువదియు ఒకటి ఎక్కువదియు అగు రెండింటి లబ్ధమగును. 10 వర్గము 100. ఒకటి తీసిన 99. అది 9, 11 ల లబ్ధము. 2 యొక్క 64వ ఘాతము 32వ ఘాతమునకు వర్గము గదా. కావున మన సంఖ్య, 32వ ఘాతమునకు ఒకటి తక్కువదానిని, ఒకటి ఎక్కువదానితో గుణించిన లబ్ధము. ఒకటి తక్కువదానిని మరల ఇట్లే విడదీయవచ్చును. విడదీయుచు పోగా తుదకు మిగులునవి ఆరు: 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297. ఈ యారింటిని గుణించిన సిస్సా గింజలు వచ్చును. ప్రతి యొకటియు వెనుక చెప్పిన వర్గములకు, అనగా 2, 4, 16, 256, 65,536, 4,29,49,67,296 లకు, ఒకటి చేర్చినట్టిది.

ఈ వరుసనే 17వ శతాబ్దమున పియర్ ద ఫెర్మా చూచెను. ఆయన ఫ్రాన్సులోని టూలూజ్ నగరమున న్యాయస్థానమునందు ఉద్యోగి. గణితము ఆయనకు తీరికవేళల పని. 3 ప్రధానసంఖ్య, 5 ప్రధానసంఖ్య, 17, 257, 65,537 అన్నియు ప్రధానసంఖ్యలే, తమచేతను ఒకటిచేతను తప్ప వేరొకదానిచే భాగింపబడనివి. ఐదు వరుసగా అట్లుండుటచే, ఈ వరుసలో ఎంత దూరము పోయినను అన్నియు ప్రధానసంఖ్యలే యగునని 1640లో ఫెర్మా తన మిత్రులకు లేఖలు వ్రాసెను. నిరూపణము తనయొద్ద లేదని ఒప్పుకొనెను. నమ్మకము మాత్రము విడువలేదు. అంతటి మేధావి చెప్పినందున తొంబది యేండ్లు ఆ మాట నిలిచెను.

1729లో గోల్డ్‌బాక్ అను పండితుడు ఈ విషయమును ఆయిలర్ దృష్టికి తెచ్చెను. లియొన్‌హార్డ్ ఆయిలర్ అప్పుడు రష్యాదేశపు సెయింట్ పీటర్స్‌బర్గు పరిషత్తులోనున్న యువకుడు. మొదట ఆయన అంతగా పట్టించుకొనలేదు. పిమ్మట పూనుకొని, 1732లో, పాతికేండ్ల ప్రాయమున, ఆరవ సంఖ్యయగు 4,29,49,67,297 ప్రధానసంఖ్య కాదనియు, అది 641 చేత నిశ్శేషముగా భాగింపబడుననియు ప్రకటించెను. లబ్ధము 67,00,417. వరుసలో ఫెర్మా పరీక్షింపని మొదటి సంఖ్యయే విరిగిపోయినది.

ఇందొక విచిత్రము కలదు. ఈ సంఖ్యకు ప్రధానభాజకము ఏదైన ఉన్నచో, దానిని 64 చేత భాగింపగా 1 మిగిలి తీరవలెను. ఆయిలర్ తరువాత విడమరచి చెప్పిన ఈ నియమమునకు ఆధారమైన సూత్రము, 1640లోనే ఫెర్మా స్వయముగా కనుగొన్నట్టిది. అట్టి సంఖ్యలను వరుసగా వ్రాసిన 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641 వచ్చును. ఇందు ప్రధానసంఖ్యలు కానివానిని విడిచిన మిగులునవి 193, 257, 449, 577, 641 మాత్రమే. అయిదే భాగాహారములు! తాళపుచెవి ఫెర్మా నడుముననే యుండెను. తలుపు తీసి చూచుటకు ఒక్క సాయంకాలము చాలియుండెడిది. తీసి చూడనక్కరలేదని ఆయన తలచియుండవచ్చును. లేక చూచి భాగాహారమున ఎచ్చటనో తప్పియుండవచ్చును. అంతటివానికిని గుణకారము గుణకారమే.

641 నిజముగా భాగించునని పెద్ద భాగాహారము చేయకయే ఎరుగవచ్చును. 641 అనగా 640 కి ఒకటి ఎక్కువ. కావున 640 ని 641 చేత భాగింపగా ఒకటి కొరవడును. కొరవను కొరవతో రెండు మార్లు గుణించిన మిగులు అగును. నాలుగు మార్లు వేసి గుణించినను మిగులే. అందుచే 640 యొక్క నాలుగవ ఘాతమును 641 చేత భాగించిన 1 శేషించును. ఇక 640 అనగా 5 ను 128 తో గుణించినది. 128 అనగా 2 యొక్క 7వ ఘాతము. కావున 640 యొక్క నాలుగవ ఘాతమనగా 625 ను 2 యొక్క 28వ ఘాతముతో గుణించినది. 625 అనగా 641 లో 16 తక్కువ. 16 అనగా 2 యొక్క 4వ ఘాతము. అందుచే ఆ లబ్ధము 641 యొక్క గుణిజములలో ఒకదానికి 2 యొక్క 32వ ఘాతమంత తక్కువ. అదే లబ్ధము మరియొక గుణిజమునకు ఒకటి ఎక్కువ యని ముందే తేలినది. ఒక గుణిజమునకు ఒకటి ఎక్కువయై, వేరొక గుణిజమునకు 32వ ఘాతమంత తక్కువయైనది గనుక, ఆ రెండు గుణిజములకు నడుమనున్న దూరము 32వ ఘాతమునకు ఒకటి చేర్చినంత. రెండు గుణిజముల నడిమి దూరము గుణిజమే గావున, 4,29,49,67,297 ను 641 భాగించును. చదువరి దీనిని నెమ్మదిగా, కాగితముపై వ్రాసికొనుచు, రెండు మార్లు చదువవలెను.

ఈ విధముగా చదరంగపు సంఖ్య తుదకు ఏడు ప్రధానసంఖ్యలుగా విడినది: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417.

ఫెర్మా ఊహ విరిగినను, విరుగని ఐదు సంఖ్యలకు వేరొకచోట పట్టము కట్టబడెను. 1796లో, పందొమ్మిదవ యేడు నిండని కార్ల్ ఫ్రీడ్రిష్ గౌస్ అను జర్మను విద్యార్థి, గీటుబద్దయు వృత్తలేఖినియు తప్ప వేరు సాధనము లేక పదునేడు భుజముల సమబహుభుజిని గీయవచ్చునని కనుగొనెను. యూక్లిడు కాలమునుండి రెండువేల యేండ్లు ఎవరికిని తోచని విషయమిది. 3, 5, 17, 257, 65,537 భుజములు గలవానిని, ఈ సంఖ్యలను ఒక్కొక్క మారు మాత్రమే వేసి గుణించిన భుజములు గలవానిని గూడ గీయవచ్చును. అట్టి బేసి సంఖ్యలు నేటికి తెలిసినవి ముప్పది యొకటి. వానిలో అన్నింటికంటె పెద్దది ఐదింటి లబ్ధమగు 4,29,49,67,295. ఇది చదరంగపు పలకలో మొదటి సగమున పట్టు గింజల మొత్తము! యోహాన్ గుస్తావ్ హెర్మెస్ అను జర్మను పండితుడు 65,537 భుజముల బహుభుజిని గీయు విధమును పదేండ్లు శ్రమించి 1894లో ముగించెను. ఆ వ్రాతప్రతి గొట్టింగెను విశ్వవిద్యాలయమున భద్రపరుపబడినది. దానిని తుదివరకు చదివినవారు అరుదు. ఫెర్మా వరుసలో ఆరవ ప్రధానసంఖ్య మాత్రము, ఎంత వెదకినను, నేటివరకు దొరకలేదు.

సిస్సా గింజలు ఈ కాలమున మరియొక గాదెను చేరినవి. నేటి కంప్యూటరులలో సంఖ్యను నిలుపు అర సామాన్యముగా అరువది నాలుగు గడులు గలది. ఒక్కొక్క గడిలో సున్నయో ఒకటియో మాత్రమే యుండును, ఛందస్సులో లఘువో గురువో యుండునట్లు. ప్రతి గడి విలువయు వెనుకటి గడికి రెట్టింపు. అన్ని గడులందును ఒకట్లు నిండినచో, ఆ అరలో పట్టు మిక్కిలి పెద్ద సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. దానికి ఇంకొకటి కలుపుమని యంత్రమును ఆజ్ఞాపించినచో, అప్పు తెచ్చిన గింజ మొదటి గడిలో పడగనే మొదటి గడి సున్నయై రెండవ గడికి ఒకటి పోవును. రెండవది సున్నయై మూడవదానికి పోవును. ఇట్లు అరువది నాలుగు గడులును వరుసగా సున్నలగును. అరువది యైదవ గడి లేదు. యంత్రము సున్న యని చూపును.